తరగతిలో ఒక ప్రశ్న

అర్థశాస్త్ర విషయములను గణాంకములతో పరీక్షించు విద్యకు ఎకనామెట్రిక్స్ అని పేరు. స్నాతకోత్తర తరగతులలో ఈ విద్యను అభ్యసించు విద్యార్థి, ఏ దేశమువాడైనను, తొలి మాసములలోనే ఒక తెలుగువారి పేరు వినును. క్రామర్-రావు అసమానత అను సూత్రములోని రావుగారు కల్యంపూడి రాధాకృష్ణ రావుగారే.

వారు 1920లో హడగళిలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితములో ఎం.ఏ. పట్టము పొందిరి. అది యుద్ధకాలము. సైనిక సర్వే శాఖలో ఉద్యోగమునకై కలకత్తా వెళ్ళిరి. ఉద్యోగము లభింపలేదు. అయితే అచ్చట మహలనోబిస్ నెలకొల్పిన భారత గణాంక సంస్థ సంగతి తెలిసి, 1941 జనవరిలో అందు చేరిరి. 1943లో కలకత్తా విశ్వవిద్యాలయమున గణాంకశాస్త్రములో ప్రథములుగా ఉత్తీర్ణులై, మరుసటి యేడు అచ్చటనే పాఠము చెప్పుచుండిరి.

ఒకనాటి పాఠము ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఫిషర్ చూపిన ఫలితమును గూర్చినది. పరిశీలనలు మిక్కిలి ఎక్కువగా ఉన్నపుడు, ఎంత నేర్పుతో అంచనా కట్టినను, అందలి అనిశ్చితి ఒక హద్దుకు దిగువకు పోదు. పరిశీలనలు కొద్దిగానే ఉన్నచో ఏమగునని దండేకర్ అను విద్యార్థి అడిగిరి. గురుశిష్యులిద్దరును 1920లో పుట్టినవారే! రావుగారు ఆ రాత్రి కూర్చుండి లెక్క సాధించి, మరునాడు తరగతిలో సమాధానము చెప్పిరి. అది 1945లో కలకత్తా గణిత సంఘ పత్రికలో వెలువడెను. ఫ్రాన్సులో ఫ్రెషే 1943లోనే ఇట్టి ఫలితము ప్రకటించెను. స్వీడనులో క్రామర్ 1946 నాటి తన గ్రంథమున చేర్చెను.

ఆ ప్రశ్న విలువ తెలియుటకు ఆనాటి వంగదేశమును తలచుకొనవలెను. 1943 కరవులో లక్షలమంది మరణించిరి. వ్యవసాయ పరిశోధకుడు పొలమును మరల విత్తి మరల కొలువగలడు. కరవు సంవత్సరమును మరల రప్పించి ధరలు చూడుమని అర్థశాస్త్రజ్ఞుని ఆజ్ఞాపించువారెవరు? అతనికి దొరకినవి కొద్ది యేండ్ల అంకెలే. వానినుండి ఎంత రూఢిగా చెప్పవచ్చునో, ఎచ్చట ఆగవలెనో ఈ అసమానత తెలుపును.

కాని హద్దు తెలిసినంతమాత్రమున అంచనా నిజము కాదు. ధర కొనుగోలును, కొనుగోలు ధరను ఏకకాలమున మార్చుచుండగా, ఒకటి కారణము రెండవది ఫలితమని తలచి గీచిన గీత ఎంత నున్నగా ఉన్నను తప్పుదారి పట్టించును. నార్వే దేశస్థుడు హావెల్మో 1943, 1944 సంవత్సరములలో ప్రకటించిన రచనలకు ఈ చిక్కే మూలము. విద్యార్థులు సూత్రమును కంఠస్థము చేసి దాని నియమములను మరచుచున్నారని మా చిన్న ఫిర్యాదు.

రావుగారు 1948లో ప్రకటించిన స్కోర్ పరీక్షను అర్థశాస్త్రజ్ఞులు నేటికిని వాడుచున్నారు. వారు 2023లో 102 యేండ్ల వయస్సున దివంగతులైరి. ఇక ప్రశ్న అడిగిన దండేకర్‌గారు అర్థశాస్త్రజ్ఞులై, 1971లో నీలకంఠ రథ్‌గారితో కలసి భారతదేశ పేదరికముపై గ్రంథము వ్రాసిరి. మనిషికి దినమునకు 2250 కేలరీల ఆహారము కొనుటకు చాలని కుటుంబములు ఎన్నియో అందు లెక్కించిరి.