రాతి మీది గుర్తు, వెండి మీది గుర్తు

గూనివీపుతో వేణువు ఊదే మనిషి బొమ్మ అమెరికా నైరుతి రాష్ట్రాల్లో ఏ దుకాణంలో చూసినా ఉంటుంది. చెవిపోగులు, తాళాల గొలుసులు, బెల్టు బకిళ్లు, ఇలా లోహపు రేకు మీద అచ్చు వెయ్యగలిగిన ప్రతిదాని మీదా వేస్తున్నారు. అది వెయ్యేళ్ల నాటి రాతి చెక్కడాల్లోని రూపం. చెక్కినవాళ్లెవరో తెలియదు కనుక ఎవరైనా వాడుకోవచ్చని చాలామంది నమ్మకం. ఆ నమ్మకానికి చరిత్రలో ఆధారం లేదు. రాతి మీది గుర్తు లోహం మీదికి రావడం తప్పు కాదు గాని, దాన్ని ఎంచుకునే హక్కు దాని అర్థం తెలిసినవాళ్ల చేతిలో ఉన్నప్పుడే ఆ పని నిలుస్తుంది. అందుకు ఉత్తర అరిజోనా ఆదివాసులైన హోపీల వెండిపనే సాక్ష్యం.

హోపీలకు వెండిపని పాతది కాదు. 19వ శతాబ్దం చివర్లో జునీ తెగకు చెందిన కంసాలి దగ్గర నేర్చుకున్నారు. 1930ల దాకా వాళ్ల నగలకూ పొరుగు తెగ నవాహోల నగలకూ పెద్ద తేడా కనిపించేది కాదు. ఫ్లాగ్‌స్టాఫ్ మ్యూజియం స్థాపకులైన కోల్టన్ దంపతులు 1938 ప్రాంతంలో హోపీ కంసాలులకు ఒక సలహా ఇచ్చారు: తమ కుండల మీద, బుట్టల మీద ఉన్న నమూనాలనే వెండిలోకి తెచ్చుకొమ్మని. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1947లో, తిరిగొచ్చిన హోపీ సైనికులకు తరగతులు మొదలయ్యాయి. నమూనాలు చిత్రకారుడు ఫ్రెడ్ కబోతీ నేర్పితే, పనితనం పాల్ సౌఫ్‌కీ నేర్పారు. 1949లో సహకార సంఘం ఏర్పడింది. పద్ధతి చూడడానికి తేలిక, చెయ్యడానికి కష్టం. ఒక వెండిరేకులో సన్నని రంపంతో బొమ్మ కోసేసి, ఆ రేకును మరో రేకు మీద టంకంతో అతికి, లోపలి భాగాన్ని నల్లబరుస్తారు. రాతి చెక్కడంతో దీన్ని పోల్చి చూడండి: ఎడారి రాయి పైపొర నల్లన, దాన్ని పొడిస్తే లోపల లేతరంగు. వెండిలో అది తిరగబడి, మెరిసే నేల మీద నల్లని బొమ్మ అవుతుంది. రెండింటిలోనూ ఛాయలకు చోటు లేదు, ఆకారమే అంతా. రాతి బొమ్మలు ఈ పద్ధతిలో అంత సహజంగా ఇమిడిపోవడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం.

మ్యూజియంవాళ్లు చెబితే మొదలైనదాన్ని సంప్రదాయమని ఎలా అంటామని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. అయితే సలహా ఇచ్చినంత మాత్రాన అది పాతుకుపోలేదు. తరగతుల్లో నేర్పినవాళ్లూ నేర్చుకున్నవాళ్లూ హోపీలే అయ్యాకే అది వృత్తిగా నిలబడింది. ఏది నగకు తగును, ఏది పూజకే పరిమితం అన్న విచక్షణ వాళ్ల దగ్గర ఉంది. బయటివాడి దగ్గర అది ఉండదు.

యజమాని లేని బొమ్మలన్న వాదనకు అరిజోనాలోని ట్యూబా సిటీ దగ్గరి టుటువేని అనే చోటు జవాబు చెబుతుంది. అక్కడి బండల మీద సుమారు 5,000 చెక్కడాలున్నాయి. ఉప్పు కోసం గ్రాండ్ కాన్యన్‌కు యాత్ర వెళ్లే హోపీలు దారిలో ఆగి తమ వంశపు గుర్తు చెక్కేవారు. మళ్లీ వెళ్లినప్పుడు పాతదాని పక్కనే మరొకటి. అందుకే ఒకే గుర్తు వరసగా కనిపిస్తుంది. అలంకారం కోసమైతే ఆ వరస అక్కర్లేదు. అవి సంతకాలు. నేటికీ చాలామంది హోపీ కంసాలులు నగ వెనకవైపు కొట్టే ముద్ర తమ వంశపు గుర్తే.

వేణువు మనిషికి ఈ గౌరవం దక్కలేదు. అతనికి వాడుకలో ఉన్న కోకోపెల్లి అన్న పేరు హోపీల కోకోపోలో అనే కచీనా (దేవతారూపం) నుంచి వచ్చింది. ఆ కచీనా, రాతి మీది వేణువు మనిషి ఒకటి కావని భాషావేత్త ఎక్కెహార్ట్ మలోట్కి వాదించారు. వ్యాపారం ఇద్దరినీ కలిపేసి, రాతి మీద తరచు కనిపించే పురుషాంగాన్ని చెరిపేసి, ముచ్చటైన బొమ్మను మిగిల్చింది. ఆదివాసులు చెయ్యని వస్తువును వాళ్లు చేసినట్టు అమ్మడాన్ని అమెరికా 1990 చట్టం నిషేధించింది గాని, బొమ్మను మాత్రం అది కాపాడదు. ఆ లోటు పూడ్చవలసింది అచ్చు వేసేవాళ్లే. ఏ బండ మీది బొమ్మ, ఎవరి అనుమతితో తీసుకున్నది, అమ్మకంలో వాళ్ల వాటా ఎంత అన్న మూడు వివరాలు వస్తువుతో పాటే కొనేవాడికి చేరాలి.