షాడ్రాక్ ఎవరు?

1992లో వచ్చిన 'కింగ్స్ క్వెస్ట్ 6' కంప్యూటర్ ఆటలో, దుర్మార్గుడైన వజీరు గదిలోని పెట్టె తెరిస్తే ఒక ఉత్తరం దొరుకుతుంది. రాసినవాడు షాడ్రాక్. నల్లముసుగు సంఘం అని ఒకటుందని ఆ ఉత్తరం వల్లే తెలుస్తుంది. ఆట పూర్తయినా షాడ్రాక్ మాత్రం కంటబడడు. 1994లో వచ్చిన ఏడో ఆట ఆ సంగతి ఎత్తలేదు, 1998 నాటి ఎనిమిదో ఆటా ఎత్తలేదు. 1999 ఫిబ్రవరిలో, ఈ ఆటల వరుసకి పుట్టిల్లయిన సియెరా కంపెనీ ఓక్‌హర్స్ట్ స్టూడియో మూతపడింది. వారపత్రికలో సీరియల్ అర్ధంతరంగా ఆగిపోతే పాఠకులు ఎంత గింజుకుంటారో, ఆ ఆటలు ఆడినవాళ్ళూ అంతే గింజుకున్నారు.

ఎందుకంత మమకారం అంటే, రొబర్టా విలియమ్స్ 1984లో మొదలుపెట్టిన ఈ వరుస ఒక కుటుంబం కథ. మొదటి ఆటలో గ్రాహం వట్టి సాహసవీరుడు. తర్వాత డావెంట్రీ రాజయ్యాడు, పెళ్ళి చేసుకున్నాడు, కవల పిల్లలకు తండ్రయ్యాడు. కొడుకు అలెగ్జాండర్‌ని పసితనంలోనే ఒక మాంత్రికుడు ఎత్తుకుపోయి బానిసగా పెంచాడు. అన్నాచెల్లెళ్ళు ఇద్దరికీ విడివిడిగా సాహసాలున్నాయి. ఆ కుటుంబంతో పాటే పెరిగి పెద్దయిన పిల్లలకు అది ఇంటి సంగతే.

వాళ్ళలో కొందరు 2002 ప్రాంతంలో, తొమ్మిదో కథ తామే చేద్దామని పూనుకున్నారు. సెసార్ బిటార్ దర్శకుడు. జట్టుకు ఫీనిక్స్ అని పేరు పెట్టుకున్నారు. జీతం లేదు, ఆఫీసు లేదు. ఉద్యోగాలూ చదువులూ చూసుకుంటూ, ఖాళీ వేళల్లో ఒకరు బొమ్మలు గీస్తే, ఒకరు ప్రోగ్రామింగ్, ఒకరు సంగీతం, ఒకరు సంభాషణలు. కథని ఆ ఉత్తరం దగ్గరే అందుకున్నారు. గ్రాహం కూతురు రోజెల్లా పెళ్ళి రోజున ముసుగు మనిషి ఒకడు వచ్చి, అన్నాచెల్లెళ్ళిద్దరినీ శాపంతో కట్టి పడేస్తాడు. ముసలివాడైన గ్రాహం సింహాసనం దిగి, మళ్ళీ బాటసారిగా బయల్దేరతాడు. ఈ శాపం వెనక సూత్రధారి షాడ్రాక్. నా దృష్టిలో ఇది చాలా తెలివైన ఎంపిక. కొత్తగా ఏదీ అతికించకుండా, అసలు రచయితలు వదిలేసిన కొసని పట్టుకుని లాగడం సొంత కథ అల్లడం కంటే కష్టం. పాత ఆటల్లోని ప్రతి సంగతీ గుర్తుండాలి.

ప్రేమ ఎంతున్నా హక్కు వాళ్ళది కాదు. పాత్రలూ పేర్లూ అప్పటికి వివెండి అనే కంపెనీ చేతిలో ఉన్నాయి. డబ్బు తీసుకోకుండా పంచిపెట్టినా సరే, ఒకరి కథకి కొనసాగింపు చేసే హక్కు ఆ కథ యజమానిదేనంటుంది కాపీరైట్ చట్టం. 2005లో పని ఆపమని నోటీసు వచ్చింది. మామూలుగా ఇలాంటి ప్రయత్నాల ఆయుష్షు అక్కడితో సరి. ఇక్కడ మాత్రం అభిమానులు ఊరుకోలేదు, కంపెనీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఆ ఏడాది చివరికి వివెండి మెత్తబడింది. పేరులో 'కింగ్స్ క్వెస్ట్' అన్న మాట ఉండకూడదు, పూర్తయ్యాక తమకి చూపించాలి అని షరతులు పెట్టి, ఒప్పుకుంది. అలా ఆట పేరు 'ది సిల్వర్ లైనింగ్' అయింది.

2008లో వివెండి గేమ్స్ యాక్టివిజన్‌లో కలిసిపోయింది. యజమాని మారాడు, పాత మాట చెల్లలేదు. 2010 ఫిబ్రవరిలో మళ్ళీ నోటీసు. ఎనిమిదేళ్ళ పని పెట్టెలో పెట్టేసి కూర్చోవలసిన పరిస్థితి. అభిమానులు మళ్ళీ గొంతెత్తారు, చర్చలు నడిచాయి, వేసవిలో అనుమతి తిరిగొచ్చింది. ఉచితంగా ఇవ్వాలి, వ్యాపారం చెయ్యకూడదు. 2010 జులై 10న మొదటి భాగం విడుదలైంది.

ఆ మొదటి భాగంలో చేసేదానికంటే చూసేదీ వినేదీ ఎక్కువ. పెళ్ళి, శాపం, గ్రాహం శపథం అయ్యేసరికే భాగం అయిపోతుంది. చిక్కుముడుల కోసం వచ్చినవాళ్ళకి ఆకలి తీరలేదు, ఆ విమర్శ న్యాయమైనదే. కానీ పాత ఆటలు ఆడినవాడికి గ్రాహం తన పాత టోపీ పక్కన పెట్టి, బాటసారి అంగీ తొడుక్కునే ఘట్టం గుండెని పట్టుకుంటుంది. రెండో భాగం అదే ఏడాది వచ్చింది. మూడు, నాలుగు భాగాలు 2011లో వచ్చాయి, వాటిలో చేతి నిండా పని ఉంది, జట్టు పనితనం భాగం భాగానికీ పదునెక్కడం కనిపిస్తుంది. ఐదోది చివరిది. అది విడుదల కాలేదు. 2015లో యాక్టివిజన్ అధికారికంగా కొత్త 'కింగ్స్ క్వెస్ట్' తెచ్చింది, చేసింది వేరే స్టూడియో.

ఫీనిక్స్ వాళ్ళు ఆలోపే సొంత కాళ్ళ మీద నిలబడ్డారు. 2012లో 'కాగ్నిషన్' అనే నేరపరిశోధన ఆటని డబ్బుకి అమ్మే సరుకుగా మొదలుపెట్టారు. దాని కథకి సలహాదారు జేన్ జెన్సెన్. రొబర్టాతో కలిసి 'కింగ్స్ క్వెస్ట్ 6' రూపొందించింది ఆమే. 2014లో ఆమె పాత ఆట 'గేబ్రియల్ నైట్' ఇరవయ్యో వార్షికోత్సవ రూపాన్ని ఆమె స్టూడియోతో కలిసి తయారుచేసి విడుదల చేసింది కూడా ఫీనిక్సే. ఆ ఆట హక్కులు అప్పట్లో యాక్టివిజన్‌వి. అంతకు నాలుగేళ్ళ ముందు వాళ్ళ పని ఆపమన్న కంపెనీయే ఈసారి అనుమతిచ్చింది, అమ్ముకోవడానికి కూడా.