తప్పు నలుపుది కాదు

ప్యారిస్‌లో గోబ్లాఁ అనే నేతశాల ఉంది. పద్నాలుగో లూయీ దగ్గర మంత్రిగా ఉన్న కోల్బేర్ 1662లో దాన్ని రాజుగారి పేరిట కొన్నాడు. రాజభవనాల గోడలకు వేలాడదీసే బొమ్మల తెరల్ని అక్కడ ఉన్నితో, పట్టుతో నేసేవారు. 1824లో ఆ నేతశాల అద్దకాలకు పెద్దగా మిషెల్ యూజెన్ షెవ్రల్ వచ్చాడు. అప్పటిదాకా ఆయన లోకమంతా కొవ్వులూ సబ్బులే. జంతువుల కొవ్వులో ఏయే ఆమ్లాలుంటాయో ఏళ్ల తరబడి విడదీసి చూసి 1823లో పుస్తకం అచ్చువేశాడు. ఇక్కడికి వచ్చాక కూడా, పొగ, కంపు లేని కొవ్వొత్తుల కోసం తోటి రసాయన శాస్త్రవేత్త గే-లూసాక్‌తో కలిసి 1825లో పేటెంటూ తీసుకున్నాడు. అలాంటివాడి నెత్తిన ఉన్నట్టుండి రంగుల పంచాయితీ వచ్చిపడింది.

నేతశాల మీద వచ్చిన ఫిర్యాదుల్లో ఒకటి నలుపు గురించి. బొమ్మల్లో నీలం, ఊదా వస్త్రాల మడతల దగ్గర నీడ చూపించడానికి నల్ల ఉన్ని వాడతారు. ఆ నలుపులో చేవ లేదు, వెలిసిపోయినట్టుంది అన్నారు. అద్దకం చెడిందనే ఎవరైనా అనుకుంటారు. షెవ్రల్ కూడా మొదట అలాగే అనుకుని, పేరున్న ఇతర అద్దకశాలల నుంచి నల్ల ఉన్ని తెప్పించి తమదాని పక్కన పెట్టి చూశాడు. తమ నలుపు దేనికీ తీసిపోలేదు. విడిగా ఉన్నప్పుడు చిక్కగా ఉన్న నలుపు నీలం పక్కకు చేరగానే పలచబడుతోంది. అద్దకం తొట్టిలో లోపం లేదు, చూసే కంటిలోనే ఏదో జరుగుతోంది.

ఆయన చేసిన పరీక్షను ఇంట్లో ఉన్న జాకెట్టు ముక్కలతో మనమూ చేయొచ్చు. ఒకే తానులోంచి చించిన ఎర్ర ముక్కలు రెండు, అలాగే నీలం ముక్కలు రెండు తీసుకోవాలి. ఒక ఎరుపునూ ఒక నీలాన్నీ అంచులు తాకేలా పక్కపక్కనే పరచాలి. మిగిలిన ఎరుపును ఆ చివర, మిగిలిన నీలాన్ని ఈ చివర దూరంగా పెట్టాలి. కాసేపు చూస్తే నీలాన్ని తాకుతున్న ఎరుపు కొంచెం నారింజ వైపు జరిగినట్టు, ఎరుపును తాకుతున్న నీలం కొంచెం ఆకుపచ్చ వైపు జరిగినట్టు కనిపిస్తాయి. దూరంగా ఉన్నవి మారవు. ప్రతి రంగూ తనకు ఎదురు రంగును పక్కదాని మీద పూస్తుందన్నమాట. ఎరుపుకు ఎదురు ఆకుపచ్చ, నీలానికి నారింజ, పసుపుకు ఊదా. గోబ్లాఁ నలుపు మీద నీలం పూసింది నారింజ ఛాయను. చీకటిలో వెలుగు కలిస్తే చీకటి పలచబడక ఏమవుతుంది!

ఈ సూత్రంతో ఆయన ఒక వ్యాపార తగాదా కూడా తీర్చాడు. కొందరు బట్టల వర్తకులు ఎరుపు, ఊదా, నీలం రంగుల తానులిచ్చి, వాటి మీద నల్లటి పువ్వులు అచ్చువేయమని అచ్చు పనివాళ్లకు పురమాయించారు. సరుకు చేతికొచ్చాక గొడవకు దిగారు. ఎరుపు మీద పువ్వు ఆకుపచ్చగా ఉంది, ఊదా మీదది పసరు పసుపుగా ఉంది, నీలం మీదది రాగిరంగులో ఉంది, మేం అడిగింది నలుపు కదా అన్నారు. షెవ్రల్ తెల్ల కాగితాన్ని పువ్వు ఆకారంలో కత్తిరించి, చుట్టూ ఉన్న బట్ట కనపడకుండా కప్పాడు. కాగితం కన్నంలోంచి కనిపించింది అచ్చమైన నలుపే. అచ్చు పనివాళ్లు బతికిపోయారు.

1828లో ఫ్రెంచి సైన్సు అకాడమీలో దీని మీద ప్రసంగం చేశాడు. 1839లో దీని మీదే, ఆయన పెట్టిన పేరుతో చెప్పాలంటే రంగుల ఏకకాల వైరుధ్యం మీద, ఏడొందల పేజీలు దాటిన గ్రంథం వచ్చింది. అందులో తెరలు, తివాచీలు, పూలతోటలు, సైనికుల యూనిఫాంలు అన్నీ ఉన్నాయి. యూనిఫాంల మీద ఆయన మాట భలే లౌక్యంగా ఉంటుంది: కోటు ఒక రంగు, ప్యాంటు ఒక రంగు అయితే పాతబడ్డాక కూడా దుస్తులు బాగానే కనిపిస్తాయట. రెండూ ఒకే రంగైతే, ఒకటి ముందుగా వెలిసిన సంగతి ఇట్టే పట్టిచ్చేస్తాయట.

ఆ పుస్తకంలోనే ఏ ఛాయ ముఖానికి ఏ రంగు బట్ట అన్న చర్చ ఉంది. అంతకుముందు ఇది అమ్మమ్మలూ దర్జీలూ తేల్చే విషయం. ఇప్పుడు దాన్ని ఒక కెమిస్టు నియమం పెట్టి తేల్చాడు. గులాబీ రంగు బట్ట గులాబీ ఛాయ ముఖానికి ఆనుకుంటే ముఖంలోని ఆ కళనే లాగేస్తుంది. కట్టుకోవాలనే ఉంటే మధ్యన తెల్లటి జాలీ బట్ట అడ్డం పెట్టుకోమన్నాడు. రక్తం లేనట్టు పాలిపోయిన ముఖానికి లేత ఆకుపచ్చ మేలు చేస్తుంది, ఎందుకంటే అది గులాబీని ఎదురుగా పూస్తుంది. పసుపు తెల్లటి ముఖం మీద ఊదాను దింపుతుంది, కానీ పసిమి ఛాయ ముఖంలోని పసుపును కాస్త తగ్గించి చూపిస్తుంది. నీలం బంగారు జుట్టు వాళ్లకు నప్పుతుంది. నలుపు ఏ ముఖాన్నైనా ఒక పాలు తెల్లగా చూపిస్తుంది. అన్నిటికంటే చెడ్డ పేరు ఊదాకు వచ్చింది. అది ముఖం మీద పసరు పసుపును పూస్తుంది, కామెర్లు వచ్చినవాళ్లలా కనబడాలంటే ఊదా కట్టుకోండి అన్నంత పని చేశాడాయన.

పాపం, కాలం ఆయన మాట వినలేదు. 1856లో లండన్‌లో పద్దెనిమిదేళ్ల విలియం హెన్రీ పెర్కిన్, మలేరియా మందు క్వినైన్‌ను తారు నుంచి తయారుచేయబోయి ఊదా రంగును తయారుచేశాడు. మొదటి కృత్రిమ అద్దకం రంగుల్లో అది ముఖ్యమైంది. 1858 జనవరిలో పెద్ద కూతురి పెళ్లికి విక్టోరియా రాణి ఊదా గౌను వేసుకుంది. ఇక చూసుకోండి, లండన్, ప్యారిస్ వీధులు ఊదామయం. 'పంచ్' హాస్యపత్రిక దాన్ని ఊరికి పట్టిన తట్టు రోగం అని ఎగతాళి చేసింది. ఫ్యాషన్‌కు సైన్సు ఎప్పుడు అడ్డం పడింది గనక? రాణిగారు కట్టిన రంగు నప్పదని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

బట్టల కొట్టు గురించి షెవ్రల్ రాసింది మాత్రం మన చీరల షాపులో నిలబడి రాసినట్టుంటుంది. కొనేవారికి ఒకే ఎరుపు తానులు పద్నాలుగు వరసగా చూపిస్తే, చివరి ఆరేడూ మొదటివాటి కంటే నాసిగా కనబడతాయట, అన్నీ ఒకటే అయినా సరే. ఎరుపును చూసి చూసి కన్ను అలిసిపోతుంది, దాని ఎదురు రంగైన ఆకుపచ్చను తనే కల్పించుకుని తర్వాతి తాను మీద పరుస్తుంది. మందు కూడా ఆయనే చెప్పాడు: మధ్యలో ఒక ఆకుపచ్చ తాను చూపించు, కన్ను తేరుకుంటుంది. తెల్ల పరుపు మీద కూర్చోబెట్టి, ఒకదాని మీద ఒకటి చీరలు విసిరే మన సేల్స్‌మన్ ఆ పుస్తకం చదివి ఉండడు. అయినా ఎరుపులు గుట్టపడ్డాక "ఇదొక్కసారి చూడండమ్మా" అంటూ చిలకపచ్చ చీరొకటి మధ్యలో విప్పుతాడు. కొనేవాళ్లం మనం తెలుసుకోవాల్సిందేమిటంటే, చివర్లో చూసిన చీరను వద్దనేముందు కాసేపు గోడ వైపు చూసి రావాలి.

షెవ్రల్ నూరేళ్లు దాటి బతికాడు. 1886లో ఆయన నూరో పుట్టినరోజు సందర్భంగా ఫొటోగ్రాఫర్ నడార్ ఆయనతో సంభాషించగా, నడార్ కొడుకు పాల్ ఫొటోలు తీశాడు. ప్రపంచంలో మొదటి ఫొటో ఇంటర్వ్యూ అదేనంటారు. షెవ్రల్ 1889లో పోయాడు. ఈఫిల్ టవర్ మీద చెక్కిన డెబ్బై రెండు పేర్లలో ఆయన పేరొకటి. చిత్రకారులు ఆయన్ను ఎంత వాడుకున్నారో చెప్పాలంటే అది వేరే వ్యాసం.

ఆయన తర్వాత ప్రశ్న మారిపోయింది. షెవ్రల్ అడిగింది "ఈ రంగు పక్కన ఈ ముఖం ఎలా కనిపిస్తుంది?" అని. ఇరవయ్యో శతాబ్దం "నువ్వు ఏ రకం మనిషివి?" అని అడగడం మొదలుపెట్టింది. జర్మనీలో బౌహౌస్ కళాశాలలో పాఠాలు చెప్పి, తర్వాత బెర్లిన్‌లో సొంత బడి పెట్టిన యొహానెస్ ఇట్టెన్, 1928లో విద్యార్థులకు పొందికైన రంగుల మేళవింపులు అభ్యాసంగా ఇచ్చాడు. అవి తమకు పొందికగా లేవని వాళ్లు మొరాయించారు. సరే, మీకు నచ్చినట్టు వేయండన్నాడు. ఒక్కొక్కరూ ఒక్కో రకంగా వేశారు. వాళ్లు ఎంచుకున్న రంగులకూ, వాళ్ల జుట్టు, కళ్లు, చర్మాలకూ పొంతన ఉన్నట్టు ఆయనకు తోచింది. ఆ తోచినది అమెరికా చేరి వ్యాపారమైంది. 1980లో కేరల్ జాక్సన్ రాసిన 'కలర్ మీ బ్యూటిఫుల్' లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. మనుషుల్ని వసంతం, వేసవి, శరత్తు, శీతకాలం అని నాలుగు రుతువులుగా విడదీసి, ఒక్కో రుతువుకు రంగుల ముక్కల పట్టిక ఇచ్చారు. దాన్ని పర్సులో పెట్టుకుని షాపుకు వెళ్లాలి.

ఆ నాలుగింట్లో మనమెక్కడున్నాం? నల్లజాతివాళ్లలోనూ ఆసియావాళ్లలోనూ ఎక్కువమంది శీతకాలం కిందికే వస్తారని ఆ పుస్తకం చెప్పింది. బంగారు జుట్టుకూ, రాగి జుట్టుకూ, నీలి కళ్లకూ మూడు రుతువులు పంచి, భూమ్మీద సగం జనాన్ని ఒక్క గదిలో వేసి తలుపు వేశారు. ఒక్క ఇంట్లో అక్క పసిమి, చెల్లి చామనఛాయ, తమ్ముడు నలుపు ఉండే మన కుటుంబాలకు ఇదేం పనికొస్తుంది? ఇప్పుడు ఆన్‌లైన్‌లో మణికట్టు నరాలు ఆకుపచ్చా నీలమా అని చూసుకుని తమ చర్మపు "అండర్‌టోన్" తేల్చుకుంటున్న పిల్లల్ని చూస్తే, షెవ్రల్ దగ్గర బయల్దేరిన దారి ఇంత దూరం వచ్చి ఇంత ఇరుకైందా అనిపిస్తుంది. నా మటుకు నాకు పట్టిక కంటే పరీక్షే నమ్మకం.

చీర కట్టేవాళ్లకు ఆ పరీక్ష మరీ సులువు. ముఖానికి దగ్గరగా ఉండేవి రెండే: జాకెట్టు మెడ, భుజం మీది పైట. కుచ్చిళ్ల దగ్గరున్న రంగు ముఖానికి చేసేదేమీ లేదు. కానీ మ్యాచింగ్ సెంటర్‌లో మనం చేసేదేమిటి? చీర కొంగు కౌంటర్ మీద పరిచి, జాకెట్టు ముక్కను దాని మీద పెట్టి కలిసిందా లేదా అని చూస్తాం. రెండు బట్టలు ఒకదానికొకటి నప్పుతాయి, కట్టుకునే మనిషిని ఎవరూ అడగరు. ఆ ముక్కను గడ్డం కింద పెట్టుకుని, బట్టను వదిలేసి కళ్ల కింద నలుపు పెరిగిందా తగ్గిందా చూసుకోవాలి. అదీ ట్యూబులైట్ల కింద కాదు. చీరను గడప దాకా తీసుకెళ్లి పగటి వెలుతురులో చూసిగానీ డబ్బులివ్వని పెద్దవాళ్ల పద్ధతే సరైంది. లైటు మారితే రంగే మారిపోతుంది.

మన నేతగాళ్లకు పక్క రంగు చేసే పని ఎప్పటినుంచో తెలుసు. గద్వాల చీరలో నూలు ఒళ్లు ఒక రంగు, పట్టు అంచు దానికి ఎదురు రంగు. కుప్పడం పద్ధతిలో ఒంటినీ అంచునూ నేతలోనే పెనవేసి కలుపుతారు. ఆ రెండు రంగుల మధ్య సన్నటి జరీ గీత నడుస్తుంటే, షెవ్రల్ చెప్పిన తెల్లజాలీ చేసే పనే అది చేస్తుంది. రెండు రంగులూ ఒకదాన్నొకటి తినేయకుండా ఆపుతుంది.

ఇక ఒంటి తీరు సంగతి. నిలువు చారలు సన్నగా చూపిస్తాయి, అడ్డచారలు లావుగా చూపిస్తాయి అని చెప్పని అత్తయ్య ఉండదు. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1867లోనే దీనికి ఎదురు తిరిగాడు. ఒక చదరంలో అడ్డగీతలు నింపితే అది పొడుగ్గా, సన్నగా కనిపిస్తుందని, ఆడవాళ్ల గౌన్ల మీది అడ్డచారలు కూడా అంతేనని రాశాడు. నూట నలభై ఏళ్ల తర్వాత బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయంలో పీటర్ థాంప్సన్ చారల బట్టలు వేసిన బొమ్మల జంటలు చూపించి ఎవరు లావో చెప్పమన్నాడు. హెల్మ్‌హోల్ట్జే గెలిచాడు. అడ్డచారల ప్రియులు సంబరపడ్డారు. 2013లో జపాన్ పరిశోధకులు ఇదే పరీక్షను సన్నటి ఒళ్లతోనూ, లావాటి ఒళ్లతోనూ విడివిడిగా చేశారు. ఆ చారల మాయ బాగా పనిచేసింది ముందే సన్నగా ఉన్నవాళ్ల మీదేనని తేలింది. మిగతావాళ్లకు భుజం దగ్గర సరిగ్గా కూర్చునేలా కొలత తీసే టైలరే దిక్కు.