డస్ట్ మైట్ అలర్జీ: నియంత్రిత ఎక్స్‌పోజర్ పరీక్షల చరిత్ర

డస్ట్ మైట్ సాలీడుకు దూరపు చుట్టం. దాదాపు మిల్లీమీటరులో మూడో వంతే ఉంటుంది. పరుపుల్లో, దిండ్లలో, తివాచీల్లో చేరి, మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతుంది. దీనివల్ల తుమ్ములో ఉబ్బసమో వచ్చే వాలంటీరుకు ఆ అలర్జెన్‌ను తెలిసిన మోతాదులో, వైద్యుల కళ్లెదుట, ముక్కుకో కంటికో ఊపిరితిత్తులకో తగలనిచ్చి, శరీరం చూపే ప్రతిస్పందనను కొలవడమే నియంత్రిత ఎక్స్‌పోజర్ పరీక్ష. చర్మం మీద చేసే సూది పరీక్ష ఆ మనిషి శరీరం మైట్‌ను గుర్తుపడుతోందని మాత్రమే చెబుతుంది. అతని జబ్బుకు అదే కారణమా, కొత్త మందు దాన్ని ఆపగలదా అన్నవి తేలాలంటే పీల్పించి చూడాల్సిందే.

ఈ పద్ధతికి బాట వేసినవాడు మాంచెస్టర్ వైద్యుడు చార్లెస్ బ్లాక్‌లీ. పుప్పొడి జ్వరంతో బాధపడే ఆయన పుప్పొడిని తన ముక్కులో, కంట్లో, గీరిన చర్మం మీద వేసుకుని ఫలితాలను 1873లో పుస్తకంగా అచ్చువేశాడు. ఇంటి దుమ్ముకూ ఉబ్బసానికీ ఉన్న సంబంధాన్ని వైద్యులు పట్టించుకున్నది 1920ల్లో. ఆ దశకంలోనే నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో స్టోర్మ్ వాన్ లేవెన్ శుభ్రమైన గాలి మాత్రమే వచ్చే ప్రత్యేక గదులు కట్టించి ఉబ్బసరోగులను వాటిలో ఉంచాడు. చాలామందికి ఆయాసం తగ్గింది. ఇంట్లో ఉన్నదేదో జబ్బు తెస్తోందని తేలింది కానీ, అదేమిటో తెలియడానికి మరో నలభై ఏళ్లు పట్టింది.

ఆ ముడి విప్పింది కూడా లైడెన్ పరిశోధకులే. చెమ్మ ఎక్కువగా ఉండే ఇళ్ల దుమ్మే ఎక్కువ అలర్జీ కలిగిస్తోందని వూర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా బృందం గమనించింది. మైట్ నీళ్లు తాగదు, గాలిలోని తేమనే పీల్చుకుంటుంది. అసలు దోషి ఇదే కావచ్చని వాళ్లు 1964లో ప్రకటించారు. 1981లో టోవీ, చాప్‌మన్, ప్లాట్స్-మిల్స్ మరో అడుగు వేసి, అలర్జెన్‌లో అత్యధిక భాగం మైట్ మలపు రేణువుల్లోనే ఉందని నిరూపించారు. అంతకు ఏడాది ముందే డెర్ పి 1 అనే ప్రధాన ప్రొటీన్‌ను శుద్ధి చేయగలిగారు. ఈ రంగానికి అసలైన మలుపు అదేనని చెప్పాలి. అప్పటిదాకా వాడిన దుమ్ము కషాయాల్లో ఏది ఎంత ఉందో ఎవరికీ తెలియదు. ఇక మోతాదును బరువులో చెప్పగలిగే రోజులు వచ్చాయి. 1982లో ప్లాట్స్-మిల్స్ బృందం లండన్‌లో దుమ్ము అలర్జీ ఉన్న ఉబ్బసరోగులను నెలల తరబడి ఆసుపత్రి గదుల్లోనే ఉంచి, అలర్జెన్‌కు దూరమైతే శ్వాసనాళాల అతిస్పందన తగ్గుతుందని చూపింది.

శ్వాసనాళాల పరీక్షలో వాలంటీరు నెబ్యులైజర్ ద్వారా మొదట అతి పలుచని మైట్ ద్రావణాన్ని పీలుస్తాడు. కాసేపాగి, బలంకొద్దీ ఊది, మొదటి సెకనులో ఎంత గాలి వదలగలడో చూపిస్తాడు. మోతాదు పెంచుతూ పోయి, ఆ గాలి 20 శాతం పడిపోగానే ఆపేస్తారు. నిమిషాల్లో మొదలైన పిల్లికూతలు గంటా రెండు గంటల్లో సర్దుకుంటాయి. అయితే చాలామందికి మూడు నుంచి ఎనిమిది గంటల తర్వాత మళ్లీ ఆయాసం వస్తుంది. ఈ రెండో దెబ్బను హెర్క్స్‌హైమర్ 1952లోనే వర్ణించాడు. శ్వాసనాళాలను వెంటనే విప్పే మందులు మొదటి దెబ్బను ఆపుతాయి, పీల్చే స్టెరాయిడ్లు రెండోదాన్ని అణుస్తాయి. ఏ మందు ఎక్కడ పనిచేస్తుందో ఇంత స్పష్టంగా విడదీసి చూపే పరీక్షలు అరుదు. అలర్జెన్‌ను ముక్కుకు తగలనిచ్చే పరీక్ష రోగనిర్ధారణకూ అక్కరకొచ్చింది. చర్మ పరీక్షలో, రక్త పరీక్షలో ఏమీ కనిపించని కొందరికి ముక్కులోనే పరిమితమైన మైట్ అలర్జీ ఉంటుందని స్పెయిన్‌లోని మాలగా పరిశోధకులు దీనితోనే చూపారు.

కానీ కాసేపట్లో గుప్పించిన ద్రావణం వేరు, ఇంట్లో రోజూ పీల్చే గాలి వేరు. ఈ తేడాను పూడ్చడానికే, అలర్జెన్ కలిసిన గాలిలో వాలంటీర్లను కూర్చోబెట్టే ఎక్స్‌పోజర్ గదులు వచ్చాయి. వియన్నాలోనూ, కెనడాలోని కింగ్‌స్టన్‌లోనూ 1980ల్లో వెలసిన గదుల్లో ముందు పుప్పొడినే వాడారు. మైట్ అంత సులువుగా లొంగలేదు. దాని మలపు రేణువులు బరువైనవి. పరుపు దులిపితే లేస్తాయి, కొద్దిసేపటికే నేలకు దిగిపోతాయి. గదిలో ప్రతి కుర్చీ దగ్గరా గంటల తరబడి ఒకే సాంద్రత నిలబెట్టడమే ఇంజనీర్లకు పెద్ద పరీక్ష అయింది. లోపల కూర్చున్నవాళ్లు ముక్కు కారడం, దిబ్బడ, దురద, తుమ్ములు అనే నాలుగింటికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసుకుంటూ ఉంటారు. వియన్నాలో ముక్కు తుడుచుకున్న కాగితపు రుమాళ్లను సైతం తూకం వేసి, ఎంత కారిందో లెక్కకడతారు.

ఆ వియన్నా గదిలోనే నాలుక కింద పెట్టుకునే మైట్ మాత్రను 124 మంది పెద్దవాళ్ల మీద పరీక్షించి ఫలితాలను 2015లో ప్రచురించారు. మాత్రలు మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత 8, 16, 24 వారాలప్పుడు వాళ్లు ఆరేసి గంటలు లోపల గడిపారు. 24వ వారానికి పెద్ద మోతాదు వాడినవారి ముక్కు లక్షణాలు, ఉత్తుత్తి మాత్ర వాడినవారితో పోలిస్తే 48.6 శాతం తగ్గాయి. చిన్న మోతాదుతో తగ్గింది 26.6 శాతమే. ఎంత మోతాదు ఇవ్వాలి, ఎన్ని వారాలకు గుణం కనబడుతుంది అన్న ప్రశ్నలకు ఇంత తక్కువమందితో జవాబు రాబట్టడం ఈ పద్ధతి సాధించిన ఘనత. స్ట్రాస్‌బర్గ్‌లో ఫ్రెడెరిక్ ద బ్లే బృందం ఉబ్బసరోగుల కోసం ఇలాంటి గదిని తీర్చిదిద్దింది.

ఇదంతా వాలంటీర్ల ఓర్పు మీద నడిచే శాస్త్రం. వాళ్లు తెలిసి తెలిసి ఆయాసాన్ని కోరి తెచ్చుకుంటారు. 2001లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో, ఉబ్బస పరిశోధన కోసం హెక్సామెథోనియం అనే రసాయనం పీల్చిన ఆరోగ్యవంతురాలైన యువతి ప్రాణాలు కోల్పోయింది. అది మైట్ పరీక్ష కాకపోయినా, పీల్పించే పరీక్షలన్నిటి భద్రత మీదా గట్టి ప్రశ్నలు లేవనెత్తింది. ఉబ్బసం అదుపులో లేనివారిని ఈ పరీక్షలకు తీసుకోకూడదు. తీవ్రమైన అలర్జీకి ఇచ్చే ఎపినెఫ్రిన్ మందు చేతికందే దూరంలో ఉండాలి. రెండో దెబ్బ భయం తీరేదాకా ఎవరినీ ఇంటికి పంపకూడదు.

గది ఫలితాలు ఒక్కటే చూసి అమెరికా, యూరప్ నియంత్రణ సంస్థలు మందుకు ఆమోదం ఇవ్వవు. సొంత ఇళ్లలో, సొంత పరుపుల మీద పడుకునే రోగులపై జరిగిన పెద్ద ట్రయల్స్ కావాలంటాయి. పైన చెప్పిన మాత్రకు 2017లో అమెరికాలో అనుమతి దక్కింది కూడా అలాంటి ట్రయల్స్ తర్వాతే.