సముద్రమునకు కట్టిన వెల

గత మాసములో ఒక ఆదివారమునాడు విశాఖపట్టణమునకు ఉత్తరమున, భీమునిపట్టణము పోవు దారిలో, సముద్రమునకు ఎదురుగా క్రొత్తగా లేచుచున్న అంతస్తుల భవనమొకటి చూడబోయినాము. పదవీవిరమణకు ఇంకను వ్యవధి ఉన్నది. అయినను మా ఇంటివారికి సముద్రపు గాలి మీద మక్కువ. మాకు నెలనెలకు పెరుగు ధరల మీద భయము. ఈ రెండును కలిసి మమ్ములను అచటికి నడిపించినవి. భవనము నాలుగవ అంతస్తు దాటలేదు గాని, క్రింద ఒక మాదిరి ఇల్లు సర్వాంగసుందరముగా అమర్చి ఉంచినారు: పరుపులు, తెరలు, బల్లమీద ప్లాస్టిక్ మామిడిపండ్లు. అమ్మకముల యువకుడు మర్యాదస్థుడు. చల్లని మజ్జిగ ఇప్పించి, రంగుల పటము పరచి, "ఎనిమిదో అంతస్తు తీసుకోండి సార్, మంచం మీదనుంచే కెరటాలు లెక్కపెట్టుకోవచ్చు. వచ్చే నెల ఒకటో తారీఖునుంచి రేటు పెరుగుతుంది" అన్నాడు. ఆ పటములో భవనమునకును సముద్రమునకును నడుమ పచ్చరంగు పూసిన జాగా ఒకటి ఉన్నది. అదేమని అడిగినాము. "ఖాళీ స్థలమండి" అన్నాడు. ఎవరిదని అడిగినాము. అతడు పటము మడిచి, ఈతకొలను చూపుటకు తీసికొనిపోయినాడు.

ఇంటికి వచ్చిన తరువాత కూడ ఆ పచ్చని జాగా మా మనస్సును వదలలేదు. సముద్రతీరమున ఇండ్ల బేరము మన దేశములో మున్ముందు పెద్ద ఎత్తున సాగిన చోటు బొంబాయి. అచట ఆనాడు నడుమ ఖాళీ జాగా కూడ లేదు, ఉన్నదంతయు నీరే. ఆ నీటినే వాటాలు వేసి అమ్మినారు.

1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలైనది. దక్షిణ రాష్ట్రముల రేవులు మూతపడుటచే లాంకషైరు మిల్లులకు దూది కరవైనది. మన నల్లరేగడి ప్రత్తికి ఎన్నడును లేని గిరాకి వచ్చి, బొంబాయి వర్తకుల ఇండ్లలో వెండి గుట్టలు పడినది. అంత ధనమును ఏమి చేయవలెనో తోచని దశలో కంపెనీలు పుట్టగొడుగులవలె లేచినవి. వానిలో తలమానికమైనది బ్యాక్ బే రిక్లమేషన్ కంపెనీ. మలబారు కొండ మొదలు కొలాబా కొనవరకు గల పడమటి తీరములో సముద్రమును వెనుకకు నెట్టి భూమి తీయుట దాని సంకల్పము. 5,000 రూపాయలు చెల్లించిన వాటా 50,000 వరకు పలికినదని నాటి బజారును గూర్చి వ్రాసినవారు చెప్పుదురు. ఇంకను ఆటుపోటులు యథాప్రకారము సాగుచునే ఉన్నవి. కాని వాటాదారుని దృష్టిలో అచట వీధులు, మేడలు వెలసియున్నవి.

1865 వేసవిలో అమెరికా యుద్ధము ముగిసినదన్న వార్త వచ్చినది. ప్రత్తి ధర కూలినది. ఆ ఏటి జూలై 1వ తేదీ వాయిదా బేరముల లెక్కలు తీర్చవలసిన రోజు; తీర్చగలిగినవారు బహు కొద్దిమంది. బ్యాక్ బే కంపెనీ దివాలా తీసినది. దానివెంట నగరపు పెద్ద బ్యాంకు కూడ కూలినది. ఈ పందెములకు నాయకుడని పేరుపడిన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ తన తల్లి పేర విశ్వవిద్యాలయమునకు ఇచ్చిన విరాళముతో కట్టిన రాజాబాయి గడియార స్తంభము 1878లో పూర్తియైనది; నేటికిని గంటలు కొట్టుచున్నది. కంపెనీ తీయగలిగిన సన్నని భూమి మాత్రము ప్రభుత్వపరమై, చర్చిగేటు నుండి కొలాబాకు రైలుమార్గము వేయుటకు ఉపయోగపడినది. మేడలు లేవలేదు. పట్టాలు పడినవి.

ఒక తరము మరచినదానిని ఇంకొక తరము మరల కొనును. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన వెంటనే బొంబాయిలో స్థలముల ధరలు మరల ఆకాశమునంటినవి. ఈసారి బేరమునకు దిగినది ప్రైవేటు కంపెనీ కాదు, సాక్షాత్తు ప్రభుత్వమే. గవర్నరు సర్ జార్జి లాయిడ్ 1920లో డెవలప్‌మెంట్ డైరెక్టరేట్ అను శాఖను నెలకొల్పి, బ్యాక్ బేలో 1,145 ఎకరములు తీయుటకు పూనుకొన్నాడు. ఎనిమిది భాగములుగా విభజించి, చుట్టును గోడ కట్టి, రేవులోని బురదను తోడి లోపల నింపుట పద్ధతి. గోడ కారినది. పోసిన బురద కొంత కెరటములతో తిరిగి సముద్రమునే చేరినది. యంత్రములు అంచనా వేసినంత పని చేయలేదు. ఖర్చు పెరిగినకొలది భూమి ధర తగ్గినది. అమ్ముకొని లాభించవలెనన్న లెక్క తలక్రిందైనది. జనులు ఆ పథకమునకు ‘లాయిడ్ గారి వెఱ్ఱి’ అని పేరు పెట్టినారు.

ఆ లెక్కలను నిలదీసినవాడు కె. ఎఫ్. నారిమన్ అను పార్సీ న్యాయవాది. శాసనమండలిలోను, వెలుపలను ఆయన ఒక్కొక్క పద్దు పట్టుకొని అడిగినాడు. 1926లో సర్ గ్రిమ్‌వుడ్ మియర్స్ అధ్యక్షతను విచారణ సంఘము కూర్చున్నది. దాని ఎదుట నారిమన్ ఇచ్చిన సాక్ష్యముపై హార్వే అను ఇంజనీరు పరువునష్టపు కేసు పెట్టగా, 1928లో నారిమన్ నిర్దోషిగా బయటపడినాడు. పథకము కుదించుకొనిపోయినది: ఎనిమిది భాగములలో నాలుగే మిగిలినవి. 1,145 ఎకరములకు సుమారు 440 మాత్రమే తేలినవి. అందులో సగమునకు పైగా సైన్యమునకు పోయినది.

ఇచట ఒక మాట చెప్పక ముందుకు సాగలేము. ఇదే శాఖ ఇదే కాలములో కూలీలకొరకు ‘బి.డి.డి. చాళ్లు’ అను కాంక్రీటు ఇండ్లు కట్టినది. వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్, శివ్‌డీలలో 207 చాళ్లు. ఒక్కొక్కదానిలో 80 గదులు. గది విస్తీర్ణము ఇంచుమించు 160 చదరపు అడుగులు. ఈ ఖర్చు కొరకు ప్రత్తి బేలు ఒక్కింటికి రూపాయి చొప్పున పన్ను వేసినారు. మిల్లుపనికి వలస వచ్చిన మన తెలుగువారు వర్లీ, లోయర్ పరేలు ప్రాంతములలోనే స్థిరపడినారు. అంతకు ముందు తరముల సంగతి కామాఠిపుర పేరే చెప్పుచున్నది: నిజాము రాజ్యమునుండి వెళ్ళి ఇటుకలు, రాళ్లు మోసిన కామాఠీల పేరది. నగరమును మోసినవారికి 160 అడుగుల గది. సముద్రమునకు ఎదురుగా మేడ ఇంకొకరికి. ఆ చాళ్లను పడగొట్టి, అద్దెదారులకు 500 చదరపు అడుగుల ఇండ్లు ఇచ్చు పని ఇప్పుడు సాగుచున్నది.

బ్యాక్ బేలో భూమి సిద్ధమగునప్పటికి ప్రపంచమంతట ఆర్థిక మాంద్యము. కొనువారు తొందరపడలేదు. 1930ల నడుమ గాని మెరీన్ డ్రైవు మీద ఇండ్లు లేచుట మొదలుకాలేదు. కపూర్ మహల్, జవేర్ మహల్, కేవల్ మహల్ 1937-39 నడుమ వచ్చినవి. అంతస్తులు అన్నిటికిని ఇంచుమించు ఒకే ఎత్తు. వంపు తిరిగిన బాల్కనీలు, ఓడల కిటికీలను తలపించు గుండ్రని కిటికీలు, లిఫ్టులు, ఇంటిలోనే కొళాయి, స్నానపు గది. పెద్ద లోగిళ్లలో పెరిగిన గృహిణికి ఒక తలుపు మూసికొనిన చాలు, ఇల్లంతయు తనదే అగుట అప్పటికి వింత. ఇండ్లు చూడవచ్చినవారు కొనుటకు రాలేదు, అద్దెకు వచ్చినారు. ఫ్లాటు కొనుట అన్న మాట ఇంకను వాడుకలోనికి రాలేదు.

అది వాడుకలోనికి వచ్చిన కారణము కూడ చట్టమే. రెండవ ప్రపంచయుద్ధమునాటి అద్దె నియంత్రణ 1947 చట్టముతో స్థిరపడి, అద్దెలు 1940 సెప్టెంబరు మట్టముననే నిలిచినవి. పాత అద్దెదారుడు బ్రతికిపోయినాడు. క్రొత్తగా అద్దెయిల్లు కట్టుటకు ఎవరును ముందుకు రాలేదు. ‘పగ్డీ’ అను పేర చేతిక్రింద సొమ్ము మొదలైనది. కట్టువారు అద్దెకు బదులు విడివిడిగా అమ్ముటకు తిరిగినారు. గోడలు లేవకముందే సొమ్ము తీసికొనుట, మాట తప్పుట పెరిగి, 1963లో మహారాష్ట్ర ప్రభుత్వము ఫ్లాట్ల చట్టము చేసినది: వ్రాతమూలకమైన ఒడంబడిక లేనిదే ధరలో ఐదవ వంతుకు మించి ముందుగా తీసికొనరాదు. దేశమంతటికిని వర్తించు 2016 చట్టము ఆ హద్దును పదవ వంతుకు తగ్గించినది. అంతేకాదు, కొనువారు కట్టిన సొమ్ములో నూటికి 70 వంతులు ఆ భవనపు భూమికి, నిర్మాణమునకు మాత్రమే వినియోగించుటకై ప్రత్యేక ఖాతాలో ఉంచవలెనని శాసించినది. 1865లో ఇట్టి నియమము ఒక్కటైనను ఉండియుండినచో ఎన్ని ఇండ్లు నిలిచియుండెడివో!

మిగిలిన భాగములను పూడ్చు పని స్వాతంత్ర్యానంతరము, 1960లలో మరల మొదలైనది. అట్లు వెలసిన ఆకాశహర్మ్యముల పేటయే, 1990ల నడుమ ప్రపంచములోని అత్యంత ఖరీదైన కార్యాలయ స్థలముల సరసన నిలిచినది. సముద్రమును పూడ్చుటలోని దుబారాను ఎదిరించి కోర్టుకెక్కిన న్యాయవాది పేరే దానికి పెట్టినారు: నారిమన్ పాయింట్. మెరీన్ డ్రైవు మేడలు మాత్రము 2018లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందినవి. లాయిడ్ గారి వెఱ్ఱికి ఫలము దక్కినదనవచ్చునా? దక్కినది, పందెము కాసినవారికి కాదు, వారి మనుమలకు.

మొన్న ఆ యువకుడు మరల టెలిఫోను చేసినాడు. ఒకటవ తేదీ దగ్గరపడినది, అడ్వాన్సు సిద్ధమేనా అని మర్యాదగానే అడిగినాడు. పచ్చరంగు జాగా సర్వే నంబరు చెప్పుమన్నాము. కనుగొని చెప్పెదనన్నాడు. ఈలోగా మా ఇంటివారు ఊరకుండక, సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో ఆ స్థలపు పూర్వాపరముల నకలు తీయించుటకు తెలిసినవారిని పురమాయించినారు. ఆ కాగితము ఇంకను రావలసియున్నది.