నిజనిర్ధారణ: తెలుగు నేల మీద పౌరులు రాసిన పాలన రికార్డు

ప్రభుత్వం తాను చేసిన చట్టాన్ని తానే దాటిందన్న అనుమానం వచ్చినప్పుడు పౌరులు సంఘటన జరిగిన చోటికి వెళ్లి, అన్ని పక్షాల మాటా విని, కాగితాలు సేకరించి, తేదీలతో సహా రాసి ప్రచురించే పనిని నిజనిర్ధారణ అంటారు. తెలుగు నేల మీద దీనికి యాభై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. మొదట అది ఎన్‌కౌంటర్ మృతుల లెక్క. తర్వాత లాకప్ మరణాలు, కులదాడులు, భూసేకరణ, అభ్యర్థుల నేరచరిత్ర వచ్చి చేరాయి. ఇప్పుడు బయటికి రాని జీవోలు (ప్రభుత్వ ఉత్తర్వులు), ఖాళీగా వదిలేసిన కమిషన్లు, వాయిదా పడే స్థానిక ఎన్నికలు కూడా ఈ లెక్కలోకి వస్తున్నాయి. హైదరాబాద్ ఉత్తర శివారైన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం ఈ చరిత్రకు దూరంగా ఉన్నట్టు అనిపించినా, దాని కొత్త అధ్యాయాలు కొన్ని నేరుగా ఇక్కడికే వచ్చాయి.

తొలి దశ

నిజాం పాలనలో సభ పెట్టుకోవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలనే గస్తీ నిషాన్ 53 అమల్లో ఉండేది. ఆంక్షల జ్ఞాపకం ఈ ప్రాంతంలో పాతదే. అయితే జరిగినదాన్ని పద్ధతిగా రాసిపెట్టే సంస్థ 1974లో ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘంతో మొదలైంది. మహాకవి శ్రీశ్రీ దానికి తొలి అధ్యక్షుడు. మరుసటి ఏడాది 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. జూలై 25న అప్పటి మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు చనిపోయారు. ఎదురుకాల్పులని పోలీసులు ప్రకటించారు. పత్రికల మీద సెన్సార్ ఉన్న రోజులు కావడంతో ఆ ప్రకటన ఒక్కటే రికార్డుగా మిగిలింది.

ఎమర్జెన్సీ ఎత్తేశాక 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో జస్టిస్ వి.ఎం. తార్కుండే అధ్యక్షతన పౌర కమిటీ ఏర్పడింది. కాళోజీ నారాయణరావు, ఎం.వి. రామమూర్తి, కె. ప్రతాపరెడ్డి, బి.జి. వర్గీస్, అరుణ్ శౌరి వంటివారు అందులో సభ్యులు. న్యాయవాది కె.జి. కన్నబిరాన్ దాని పని భారమంతా మోశారు. కమిటీ ఊళ్లు తిరిగింది, సాక్షులను కలిసింది. గిరాయిపల్లిలో ఆ యువకులను చెట్లకు కట్టి కాల్చి చంపారని తన నివేదికలో తేల్చింది. దాంతో రాష్ట్ర ప్రభుత్వం జస్టిస్ వశిష్ఠ భార్గవ కమిషన్‌ను నియమించక తప్పలేదు. కానీ విచారణను బహిరంగంగా కాక గోప్యంగా జరపడానికి పూనుకోవడంతో కన్నబిరాన్ బృందం తప్పుకుంది. కమిషన్ పని కొలిక్కి రాలేదు. ఆ ఘటన మీద నేటికీ జనం చేతిలో ఉన్నది పౌరులు రాసిన నివేదికే. తర్వాతి తరాలు నేర్చుకున్న మొదటి పాఠం ఇదే.

రాసే పద్ధతి

ఈ పద్ధతిని శాస్త్రంలా తీర్చిదిద్దినవాడు కె. బాలగోపాల్. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన ఆయన 1980లలో పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శిగా జిల్లా జిల్లా తిరిగారు. ఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే ఐదారుగురు బస్సెక్కి బయల్దేరేవారు. మృతుడి ఇంటివారితో, ఇరుగుపొరుగుతో మాట్లాడేవారు. తర్వాత పోలీస్ స్టేషన్‌కు వెళ్లి సబ్ ఇన్‌స్పెక్టర్ చెప్పేదీ రాసుకునేవారు. ఎఫ్‌ఐఆర్ నకలు, పోస్టుమార్టం నివేదిక, శవ పంచనామా దొరికితే వాటిని పక్కపక్కన పెట్టి చూసేవారు. అదుపులోకి తీసుకున్నారని ఊరివాళ్లు చెప్పే తేదీకీ, ఎదురుకాల్పులు జరిగాయని పోలీసులు చెప్పే తేదీకీ మధ్య తేడా ఎంతో చూడటంతోనే సగం నిజం బయటపడేది. నివేదికలో విశేషణాలు తక్కువ, వివరాలు ఎక్కువ. చివరికది చిన్న పుస్తకంగానో, పత్రికా ప్రకటనగానో వెలువడేది.

ఈ పనికి ప్రాణాలే మూల్యమయ్యాయి. వరంగల్‌లో పిల్లల డాక్టర్ రామనాథంను 1985 సెప్టెంబర్‌లో ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. 1991లో న్యాయవాది నర్రా ప్రభాకర్ రెడ్డిని, 2000 నవంబర్‌లో హైదరాబాద్‌లో పురుషోత్తంను, 2001 ఫిబ్రవరిలో నల్లగొండలో ఆజం అలీని హత్య చేశారు. నలుగురూ పౌరహక్కుల సంఘం వారే. ఊరూరా తిరిగి వివరాలు రాసుకునే మనిషి అధికారానికి ఎందుకంత ప్రమాదకరంగా కనిపించాడో ఈ చావులే చెబుతాయి.

హక్కుల ఉద్యమంలో అంతర్గత వాదన కూడా నడిచింది. రాజ్యం చేసే హింసను మాత్రమే రాయాలా, సాయుధ పార్టీలు చేసే హింసనూ రాయాలా? బాలగోపాల్ రెండోదాని వైపు నిలిచి 1998లో మానవ హక్కుల వేదికను ఏర్పాటు చేసినవారిలో ఒకరయ్యారు. విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌర స్పందన వేదిక కూడా 1997 నుంచి ఇరుపక్షాలనూ ప్రశ్నిస్తూ వచ్చింది. ఈ వ్యాసకర్త దృష్టిలో రికార్డుకు విశ్వసనీయత వచ్చింది ఈ మలుపుతోనే. తనకు నచ్చినవారి తప్పును రాయనివాడు ఎదుటివారి గురించి రాసింది ఎవరూ నమ్మరు.

ఈ నివేదికల సారం చివరికి కోర్టు మెట్లెక్కింది. ప్రతి ఎన్‌కౌంటర్ మరణం మీదా కేసు నమోదు చేయాలని 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. తర్వాత 2014 సెప్టెంబర్‌లో అదే సుప్రీంకోర్టు మరో కేసులో ఎన్‌కౌంటర్ మరణాల దర్యాప్తుకు మార్గదర్శకాలు జారీచేసింది. 1968 నుంచి 1983 వరకు మాస్కోలో అసమ్మతివాదులు టైపు కొట్టి చేతులు మార్చుకున్న ‘క్రానికల్ ఆఫ్ కరెంట్ ఈవెంట్స్’ కూడా రాసే పద్ధతిలో ఇదే తోవ తొక్కింది. వ్యాఖ్య లేకుండా అరెస్టులూ విచారణలూ సోదాలూ నమోదు చేయడం దాని నియమం. మన దగ్గర కోర్టు తలుపు తట్టే వీలుంది, వారికి అది లేకపోయింది.

కాగితాల దశ

1999 ఎన్నికల్లో పౌర సంస్థ లోక్‌సత్తా అభ్యర్థుల నేరచరిత్ర జాబితాలు విడుదల చేసింది. అభ్యర్థులు తమ కేసులూ ఆస్తులూ వెల్లడించాలన్న 2002, 2003 సుప్రీంకోర్టు తీర్పులకు వెనుక ఇలాంటి పౌర సంస్థల వ్యాజ్యాలున్నాయి. 2005 అక్టోబర్ 12న సమాచార హక్కు చట్టం అమల్లోకి రావడంతో పోలీస్ స్టేషన్ గుమ్మం దగ్గర నిలబడిన పౌరుడు రికార్డు గది దాకా వెళ్లగలిగాడు.

తెలంగాణ ఏర్పడ్డాక రికార్డు రాసేవారి చూపు జీవోల మీద పడింది. 2014 జూన్ నుంచి 2019 ఆగస్టు వరకు వెలువడిన లక్షకు పైగా జీవోల్లో 43 వేలకు పైగా ప్రజలకు అందుబాటులో లేవని హైకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. జీవోలను 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలని 2021 ఆగస్టులో హైకోర్టు ఆదేశించింది. సరిగ్గా ఆ నెలలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన జీవోల వెబ్‌సైట్‌ను ఆపేసింది. 2024 ఆగస్టులో ప్రభుత్వం మారాక అది మళ్లీ తెరుచుకుంది. దాచే అలవాటు ఏ ఒక్క పార్టీదీ కాదు. తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు ఒక్క కమిషనర్ కూడా లేరు. ఆ కాలంలో ముందు ఒక పార్టీ, తర్వాత మరో పార్టీ అధికారంలో ఉన్నాయి.

మేడ్చల్, శామీర్‌పేట

2016 అక్టోబర్ 11న రంగారెడ్డి నుంచి విడిపోయి మేడ్చల్ జిల్లా ఏర్పడింది. మరుసటి ఏడాదే హైదరాబాద్ నడిబొడ్డున ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్‌ను ప్రభుత్వం మూసేసింది. నిరసన తెలపాలనుకునేవారికి గండిమైసమ్మ, జవహర్‌నగర్, ప్రతాపసింగారం లాంటి శివారు చోట్లు చూపించింది. ఈ మూడూ కొత్త జిల్లాలోనివే. సచివాలయం నుంచి ఇన్ని కిలోమీటర్ల అవతల ఇచ్చే నినాదం ఏ మంత్రి చెవినా పడదు. 2017 మేలో జనం ధర్నా చౌక్‌కు తరలివచ్చారు. 2018లో హైకోర్టు అక్కడ నిరసనలకు మళ్లీ దారి తెరిచింది.

శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. 1998 చట్టంతో ఏర్పడిన ఆ సంస్థలో కన్నబిరాన్ కుమార్తె, సామాజిక శాస్త్రవేత్త కల్పనా కన్నబిరాన్ తొలినాళ్లలో బోధించారు. హక్కుల నివేదికల వారసత్వం ఆ విధంగా తరగతి గదికి చేరింది. 2022 ఆగస్టులో జిల్లా కలెక్టరేట్ కొత్త భవనం కూడా శామీర్‌పేట మండలంలోనే ప్రారంభమైంది.

ఈ ప్రాంతంలో ఇప్పుడు రాయాల్సినది స్థానిక పాలన గురించి. తెలంగాణలో పంచాయతీల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో తీరినా ఎన్నికలు 2025 డిసెంబర్ దాకా జరగలేదు. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులు ఊళ్లను పాలించారు. 2024 సెప్టెంబర్‌లో ఔటర్ రింగు రోడ్డు పరిసరాల్లోని 51 గ్రామాలను మునిసిపాలిటీల్లో కలిపేశారు. మేడ్చల్ జిల్లా ఊళ్లూ అందులో ఉన్నాయి. ఊరు ఏ పాలక మండలి కిందికి పోవాలో తేల్చే నిర్ణయంలో గ్రామసభ ఎక్కడుందన్నది నిజనిర్ధారణకు తగిన ప్రశ్న. చెరువులు, లేఅవుట్లు, ఇళ్ల అనుమతులు అన్నీ ఆ తర్వాత ఆ పాలకులు సంతకం పెట్టేవే.

సమాచారం అడిగే దారి మాత్రం ఇరుకవుతోంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె)ను మార్చింది. వ్యక్తిగత సమాచారమనే పేరుతో అధికారి సులువుగా నిరాకరించే వీలు ఇప్పుడుంది.

ఇంకా తెరిచి ఉన్న తోవ ఇది. గ్రామ స్థాయిలో సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. మీ ఊరి లేదా వార్డు తీర్మానాల నకళ్లు అడగండి, అందిన రసీదు దాచండి. జవాబు రాకపోతే ఆ తేదీ కూడా రాసిపెట్టండి.