ఒగ్గు కథ: చుక్క సత్తయ్య, జట్టులో చదువు

ఒగ్గు కథ గొల్ల, కురుమల కులదైవాల గాథలను పాటతో, మాటతో, డోలు దెబ్బతో చెప్పే తెలంగాణ కథాగానం. ఒగ్గు అంటే శివుని చేతి డమరుకం. దాన్ని మోగిస్తూ మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్పేవాళ్లు ఒగ్గువాళ్లు. పూజా వాళ్లదే కాబట్టి ఒగ్గు పూజారులనీ అంటారు. కొమురవెల్లి మల్లన్న గుడి ఈ కళకు ఆయువుపట్టు.   ఈ కళాకారులను పొగిడేటప్పుడు చాలామంది వాడే మాట ఒకటుంది: చదువు లేకున్నా పుట్టుకతో వచ్చిన ప్రతిభ అని. ఆ పొగడ్త సరైనది కాదు. నిలబడినచోటే కథను అల్లుకుంటూ పోవడం ఒగ్గులో ఏళ్ల తరబడి, ఒక వరుసలో నేర్పే విద్య.

ఆ నేర్పు ఎక్కడుందో జట్టు నిలబడే తీరులోనే తెలుస్తుంది. ముందు ప్రధాన కథకుడు, పక్కన వంత, వెనక డోళ్లు, తాళాలు. కథకుడు ఒక మాట అనగానే వంత ‘ఆహా’ అంటాడు, లేదంటే ‘అప్పుడేమన్నడు?’ అని అడుగుతాడు. వినేవాళ్లకు అది ఉత్త ఊతపదంలా అనిపిస్తుంది. నిజానికి ఆ ఒక్క ప్రశ్నతో మూడు పనులు జరుగుతాయి: కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది, తర్వాతి ఘట్టం గుర్తుకొస్తుంది, జనం కునుకుతున్నారో వింటున్నారో తెలుస్తుంది. జనం కదలకుండా కూచుంటే ప్రశ్నలు పెరుగుతాయి, ఘట్టం సాగుతుంది. లేచిపోతున్నారంటే డోలు అందుకుంటుంది, కథ ముందుకు దూకుతుంది. కొత్తగా చేరిన పిల్లవాడు మొదట తాళం పడతాడు, తర్వాత డోలు, ఆ తర్వాత వంత. వంతగా రాత్రుల కొద్దీ ప్రశ్నలడిగినవాడికి కథ ఎముకల గూడుతో సహా పట్టుబడుతుంది. ఏది మార్చకూడదో, ఏది సాగదీయొచ్చో అప్పటికి తెలిసిపోతుంది. అమెరికా జాజ్ పియానో వాద్యకారుడు బ్యారీ హారిస్ 2021లో చనిపోయేదాకా దశాబ్దాల పాటు శిష్యులను పియానో చుట్టూ నిలబెట్టుకొని, వినిపించి, తిరిగి వాయించమని అడిగి నేర్పిన పద్ధతికి ఇది దూరపు చుట్టం. రెండుచోట్లా స్వేచ్ఛ ముందు దొరకదు, వ్యాకరణం వంటబట్టాకే దొరుకుతుంది.

చుక్క సత్తయ్య ఈ వాదానికి బలమైన సాక్ష్యం. 1935లో ఇప్పటి జనగామ జిల్లా లింగాలఘణపురం మండలం మాణిక్యాపురంలో పుట్టిన ఆయన చిన్ననాడే కథ చెప్పడం మొదలుపెట్టి, 12 వేలకు పైగా ప్రదర్శనలిచ్చారు. పండుగ పందిరి కిందినుంచి కథను వేదిక మీదికి, రేడియోకి, దూరదర్శన్‌కి తెచ్చారు. ఆడపాత్ర వచ్చినప్పుడు గొంతూ నడకా మార్చి తానే ఆ మనిషయ్యేవారు. మల్లన్న కథ చెప్పిన నోటితోనే అక్షరాస్యత వంటి కొత్త విషయాలూ చెప్పారు. పాత కథను బట్టీపట్టినవాడు కొత్త కథ కట్టలేడు. కట్టే పద్ధతి తెలిసినవాడే కట్టగలడు. 2014 సంవత్సరానికి ఆయనకు సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. 2017 నవంబరు 9న కన్నుమూశారు.

ఈ వాదానికి వచ్చే అభ్యంతరాల్లో ఒకటి న్యాయమైనదే. ఇది కులంలోపలి విద్య, బయటివాళ్లకూ ఆడపిల్లలకూ తలుపు మూసిన బడి, దాన్ని పద్ధతి అని ఎట్లా అంటారని అడుగుతారు. ఆ తలుపు మూసి ఉన్న మాట నిజం, అది లోపమే. కానీ ఎవరికి నేర్పారన్నది ఒక ప్రశ్న, ఎట్లా నేర్పారన్నది మరొకటి. తాళం నుంచి వంతదాకా వచ్చే వరుసలో కులం అవసరమైన మెట్టు ఒక్కటీ లేదు. రెండో అభ్యంతరం పూజారుల వైపు నుంచి వస్తుంది: వేదికెక్కించి ఒగ్గును పలచన చేశారని. రాత్రుల కొద్దీ సాగే కథను గంటలోకి కుదిస్తే ఏదో ఒకటి పోకతప్పదు. పసుపు, కుంకుమలతో పట్నం అనే ముగ్గు వేసి మల్లన్న పెండ్లి చేసే పని మాత్రం వేదిక మీదికి పోలేదు. అది ఇప్పటికీ గుడి దగ్గరా, ఇంటి ముంగిటా పూజారుల చేతిలోనే ఉంది.

సత్తయ్య పుట్టిన జనగామ జిల్లాలోనే దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. ఐదు దశాబ్దాలకు మించిన ఆయన ప్రదర్శనలు 19 వేలు దాటాయి. పురస్కారం ఒక్క మనిషికి వస్తుంది, ఆట నేర్పేది మాత్రం జట్టు. ఒగ్గు కథను తరగతి గదికి తేవాలనుకునేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇదే. కథకుడి పాటను రికార్డు చేసి, రాసి, పాఠంగా ఇస్తే కథ దొరుకుతుంది. ఎదురుగా నిలబడి ‘అప్పుడేమన్నడు?’ అని అడిగే వంత లేకుంటే, విద్యార్థికి ఆ పాఠం దాటి ఒక్క మాట కూడా కట్టడం రాదు.